పంచు సాక్షి

కాశిబుగ్గ చౌరస్తా దాటినంక
ఐలయ్య చాయ్ హోటల్ ఎనుక రేకుల షెడ్డు.
మిర్చి బస్తాలు దించి అటుకెల్లి పోతున్న నన్ను
కానిస్టేబుల్ సారంగపాణి చెయ్యి పట్టి ఆపిండు:
"సంతకం వస్తదా? దా, పంచుకు ఒకలు తక్కువున్నరు."

దొరికినయన్నీ బల్ల మీద పరిచిండ్రు.
నగదు పదకొండు వేల నాలుగు వందల యాభై.
బాల్ పెన్నులు రెండు, ఒకదానికి మూత లేదు.
గళ్ల నోటుబుక్కు ఒకటి, అట్ట మీద బడిపిల్ల పేరు.
సెల్‌ఫోను ఒకటి, అద్దం పగిలింది,
ఆన్‌ల ఉన్నది.

నోటుబుక్కుల రాత కోడి గీకినట్టు.
రైటర్‌కు సమజ్ కాలే, నా ముందట పెట్టిండు.
"సిల్వర్ సెంటు, ఐదు వందలు, పత్తి బ్రోకర్ సాంబయ్య.
మిస్టర్ మండే, రెండు వందలు, కరెంటాయన.
సండే లెటర్..."
నా నాలిక పిడచ కట్టింది.

మలక్‌పేటల నాలుగేండ్లు నా చేతులల్ల పెరిగింది అది.
లాయంల దాని పేరు చిట్టి.
ముందటి కుడికాలు గిట్ట కాడ తెల్లమచ్చ,
బెల్లమంటే పానం, ఉరుమంటే భయం.
తెల్లారంగ నాలుగింటికి నా భుజం మీద గదుమ ఆనిచ్చి
నిలబడే కునుకు తీసేది.

పన్ను పెరిగిందన్నరు.
గెలిచినా ఓడినా, కాసిన పైస మీదనే ముందుగాల కోత.
కౌంటర్ కాడ లైను పల్చబడ్డది.
ఆ లైను యాడికి పోయింది?
ఇగో, ఇటే వచ్చింది, ఈ రేకుల కిందికి, ఈ గళ్లలకు.
ఈడ చిట్టీకి పన్ను లేదు, రశీదు లేదు.
"నేను ఎవ్వలకూ ఎగ్గొట్టలే సార్" అంటుండు
ముద్దాయి వీరసోమయ్య, అదొక్కటే ఆయన సర్టిఫికెట్.
మా సేటు పదకొండు గుర్రాలల్ల ఏడింటిని అమ్మిండు.
ఏడు పోతే ముగ్గురు సైసులం పోయినం.
ఆ లెక్క ఏ కాయితంల ఎక్కలే.

"ఇది జూదమా సార్?" అని అడిగిన.
ఎస్సై మంచోడే, ఇసుక్కోలే.
"మైదానం కంచె లోపల కాస్తే తెలివి,
ఈడ కాస్తే జూదం. చట్టం గట్లుంది."
పన్నెండేండ్లు ఆ కంచె లోపల పేడ ఎత్తినోన్ని.
ఆ పక్కకైనా ఈ పక్కకైనా ఉరుకుడు ఒక్కటే గద
అందామనుకున్న.
పంచు సాక్షి అడుగొద్దంట, చూడాల్నంట.

గప్పుడే ఫోన్ల గొంతు లేచింది.
మూడు నలభై పందెం.
ఎస్సై, రైటరు, వీరసోమయ్య,
చేతులు కట్టుకొని నిలబడ్డ ఐలయ్య,
అందరం వంగినం.
పగిలిన అద్దంల గుర్రాలు ముక్కలు ముక్కలుగ వస్తున్నయి.
ఆఖరి మలుపు. బయటి దిక్కుకెల్లి పసుపు టోపీ.
కాలిమచ్చ ఏడ కనబడ్తది అంత చిన్నగ,
కానీ ఆ మెడ ఎత్తుడు నాకు ఎరికే...

"టైం ఎంతైంది?" ఎస్సై తేరుకున్నడు.
"మూడు నలభై ఒకటి సార్."
"ఫోన్ బంద్ చేసి కవర్ల పెట్టు."
రైటర్ బటన్ ఒత్తిండు.
తెల్లబట్ట చుట్టిండ్రు, దారం కట్టిండ్రు.
కొవ్వొత్తి మంట మీద లక్క కరిగి
ఎర్రగ, కాలుకుంట, ముడి మీద పడ్డది.
చిట్టి ఇంకా ఉరుకుతనే ఉంది లోపల.

"పై వస్తువులు మా సమక్షంలో స్వాధీనపరచుకున్నారు."
దాని కింద నా పేరు: యాకూబ్ పాషా, హమాలీ, ఎనుమాముల.
సైసు అని రాయబోయి ఆగిన.

బయటికి వస్తుంటే సారంగపాణి ఎంట వచ్చిండు.
గొంతు తగ్గించి, "ఏది గెలిచి ఉంటదంటవ్?"
ఆయన పేరు బుక్కుల లేదు.
నేను సదివిన కాడికైతే లేదు.
"మీరే గద సార్ సీలేసింది" అన్న.

మర్నాడు యార్డుల ఎవలో పేపర్ పరిచి అన్నం తింటున్నరు.
ఆటల పేజీ నా దిక్కే ఉంది.
బస్తా ఎత్తుకున్న, తుమ్ములొచ్చినయి.
చూడలే.